నాన్న విసిరినవి లెక్కలోకి రావట

మా చిన్నది ఏడో క్లాసు. సైన్స్ ఎగ్జిబిషన్‌కి అగ్నిపర్వతం చేద్దామే అంటే "అది అందరూ చేస్తారు నాన్నా" అని తీసిపారేసి పేపర్ ఏరోప్లేన్ పట్టుకుంది. మా రోజుల్లో దాన్ని రాకెట్ అనేవాళ్ళం, వెనక బెంచీ నుంచి వదిలేవాళ్ళం, అది సైన్స్ అని ఎవరూ చెప్పలేదు, తన్నులు మాత్రం పడేవి. దీని ప్రశ్న ఏంటంటే, ముక్కుకి జెమ్ క్లిప్పు పెడితే దూరం పోతుందా, తొందరగా పడిపోతుందా?

ముందు డాబా ఎక్కాం. బుద్ధి తక్కువ పని. గాలికి ఒకటి ట్యాంకు వెనక్కి, ఇంకోటి పక్కావిడ ఆరబెట్టుకున్న వడియాల మీదకి. ఆ రీడింగులన్నీ కొట్టేసి కారిడార్లోకి దిగాం, అక్కడ రెండడుగుల టైల్స్ కాబట్టి టేపు గొడవ కూడా లేదు, లెక్కపెట్టుకోవడమే.

క్లిప్పు లేకుండా పదిసార్లు విసిరా. ముక్కు పైకెత్తి, గాల్లో ఒక్క క్షణం నిలబడినట్టయి, దబ్బున పడేది, యావరేజ్ 8 టైల్స్. ఒక క్లిప్పు పెడితే తిన్నగా జారుకుంటూ 13. మూడు పెడితే 5 దగ్గరే నేలకి ముక్కు గుద్దుకుంది. అర గ్రాము క్లిప్పుకి ఇంత తేడానా అనుకున్నా గానీ, 80 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకి 80 గ్రాములుండే ఏ4 కాగితం మొత్తం బరువే 5 గ్రాములు, అందులో మూడు క్లిప్పులంటే గ్రామున్నర, అదీ ఒక్క కొసనే, ఇంక లేవమంటే ఎక్కడ లేస్తుంది. రెక్కల వెనక అంచు కాస్త పైకి మడిచా, గాలి తోకని కిందకి నొక్కి ముక్కు లేపుతుంది కదా అని. "ఒకసారికి ఒకటే మార్చాలి నాన్నా!" అని లాక్కుంది.

అక్కడితో ఆగలేదు, ఒక క్లిప్పుదాన్ని నేను గట్టిగా విసురుతున్నానట, చూసి పట్టేసింది. నిజమే, అదే గెలవాలని నా చెయ్యి ముందే డిసైడైపోయింది. మళ్ళీ మొత్తం ముప్పై తనే విసిరింది. 7, 10, 5. గెలిచింది ఒక క్లిప్పే గానీ నేను చూపించినంత తేడా లేదు.

2022 డిసెంబర్లో అమెరికాలో ఇండియానాలో ఒక కాగితం విమానం 88.318 మీటర్లు పోయి గిన్నిస్ రికార్డు కొట్టింది, మా లెక్కలో దాదాపు 145 టైల్స్, మా కారిడార్ మొత్తం కలిపితే 20.

చార్టు కింద స్కెచ్ పెన్నుతో రాసింది: "నాన్న విసిరినవి లెక్కలోకి తీసుకోలేదు."