నాన్నకి కావాల్సింది వాల్యూమ్ కాదు, మాట

మాది విజయనగరం. మా ఇంట్లో ఏ సీరియల్ నడుస్తోందో వీధి మలుపులోనే తెలిసిపోయేది. టీవీ వాల్యూమ్ 60 దగ్గర పెట్టుకుని, అంత మోతలోనూ నాన్న నా వైపు తిరిగి "ఏటంతన్నాడ్రా ఆడు?" అని అడిగేవాడు. అమ్మకి తలనొప్పి, పక్కింటి అమ్మాయికి ఇంటర్ పరీక్షలు, నాన్నకేమో మాట అందక బాధ.

నాన్న ముప్పై ఏళ్లకి పైగా జూట్ మిల్లులో మగ్గాల మధ్య పని చేశాడు. చెవులు పరీక్ష చేయిస్తే గ్రాఫు 1,000 హెర్ట్జ్ (శబ్దం ఎంత కీచుగా ఉందో చెప్పే కొలత, అదే ఫ్రీక్వెన్సీ) వరకు బాగానే ఉండి 4,000 దగ్గర గోతిలా పడిపోయింది. ఏళ్ల తరబడి మోతలో ఉన్నవాళ్లకి ముందు దెబ్బ తగిలేది అక్కడేనట. మనం మాట్లాడేటప్పుడు అచ్చులు కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటాయి, బలమంతా వాటిదే, స, శ, త, క లాంటి హల్లుల పదును మాత్రం పైన ఉంటుంది. అందుకే ఎవరో మాట్లాడుతున్నారని నాన్నకి తెలుస్తుంది కానీ ఏం మాట్లాడుతున్నారో తెలీదు. వాల్యూమ్ పెంచితే అచ్చులూ, వెనక మ్యూజిక్కూ కూడా పెరిగి మిగిలిన ఆ కాస్త హల్లుల్నీ మింగేస్తాయి. చెవి మిషన్ ఉంది, బయటికి వెళ్తే పెట్టుకుంటాడు, ఇంటికి రాగానే దురదగా ఉందని తీసేస్తాడు.

మా టీవీలో బేస్, ట్రెబుల్ తప్ప ఇంకేం మార్చలేం. స్పీకర్లు కిందికి తిరిగి ఉంటాయి కాబట్టి శబ్దం బల్లకి కొట్టుకుని వస్తుంది. అప్పుడే అటక మీదున్న నా పాత ల్యాప్‌టాప్, కాలేజీలో కొనుక్కున్న స్పీకర్లు గుర్తొచ్చాయి. టీవీ సౌండ్‌ని ల్యాప్‌టాప్‌లోకి తెచ్చి, అక్కడ నాన్న చెవికి తగ్గట్టు మార్చి, స్పీకర్లకి పంపిస్తే?

ముందు హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టి చూశాను. పని చేయలేదు, ల్యాప్‌టాప్‌కి ఉండే హెచ్‌డీఎంఐ బయటికి పంపడానికే, లోపలికి తీసుకోదు. తర్వాత టీవీ హెడ్‌ఫోన్ జాక్ నుంచి ల్యాప్‌టాప్ జాక్‌కి రెండు వైపులా హెడ్‌ఫోన్ పిన్ ఉండే మామూలు ఆక్స్ కేబుల్ పెట్టాను. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో హెడ్‌ఫోన్, మైక్ రెండూ ఒకే రంధ్రంలో ఉంటాయి కదా, అది దీన్ని హెడ్‌ఫోన్ అనుకుంది. మా ఊళ్లో మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర ఒక షాపులో కొన్న చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డుతో సౌండ్ అయితే వచ్చింది, కానీ పగిలిపోయి వచ్చింది. దానికున్నది మైక్ ఇన్‌పుట్, మోనో. మైక్ నుంచి వచ్చే సిగ్నల్ చాలా చిన్నది కాబట్టి ఆ ఇన్‌పుట్ దాన్ని ఎన్నో రెట్లు పెంచుతుంది, టీవీ నుంచి వచ్చే పెద్ద సిగ్నల్‌ని కూడా అలాగే పెంచితే పగలక ఏమవుతుంది? మీరు కొనేటప్పుడు "లైన్ ఇన్" (ఇలాంటి పెద్ద సిగ్నల్ తీసుకునే ఇన్‌పుట్) అని రాసి ఉందో లేదో చూసి మరీ కొనండి. నేను రెండోసారి ఆన్‌లైన్‌లో అలాంటిది తెప్పించాను.

విండోస్‌లో పని రెండు నిమిషాలే. సౌండ్ కంట్రోల్ ప్యానెల్‌లో రికార్డింగ్ ట్యాబ్, అందులో లైన్ ఇన్ ప్రాపర్టీస్, అక్కడ లిసన్ ట్యాబ్‌లో "లిసన్ టు దిస్ డివైస్" టిక్ పెట్టి, కింద మన స్పీకర్లని ఎంచుకోవాలి. ఎన్‌హాన్స్‌మెంట్లు ఏమైనా ఆన్‌లో ఉంటే అన్నీ తీసేయండి, నాయిస్ తగ్గించే ఆప్షన్ ఉంటే అది పాటని కూడా నాయిస్ అనుకుని నొక్కేస్తుంది. బ్లూటూత్ జోలికి మాత్రం పోవద్దు. సౌండ్ వెనకబడి పెదాలు ఒక చోట, మాట ఒక చోట ఉంటాయి, టీవీలో ఉండే ఆడియో డిలే ఆప్షన్ సౌండ్‌ని ఇంకా ఆలస్యం చేస్తుందే తప్ప ముందుకి తేదు. వైరుతో కూడా కొద్దిగా ఆలస్యం ఉంటుంది కానీ మా ఇంట్లో ఎవరూ పట్టుకోలేదు.

ఆ రాత్రి స్పీకర్లలో "గూంయ్" మని ఒకటే రొద. ఛార్జర్ పీకేస్తే పోతోంది, పెడితే వస్తోంది. టీవీ సెట్‌టాప్ బాక్స్ కేబుల్ ఒక దారి, ఛార్జర్ ఎర్త్ ఇంకో దారి, రెండూ కలిసి చుట్టు తిరిగితే మన 50 హెర్ట్జ్ కరెంటు రొద ఇలా స్పీకర్లలోకి ఎక్కుతుంది. గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని చిన్న డబ్బీ దొరుకుతుంది, లోపల బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. దాన్ని టీవీకీ సౌండ్ కార్డుకీ మధ్య పెట్టాక రొద పోయింది.

ఇక అసలు సంగతి. ఏ ఫ్రీక్వెన్సీ ఎంత వినపడాలో మార్చుకోవడానికి ఈక్వలైజర్ ఏపీఓ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, స్పీకర్లకి వెళ్లే సౌండ్ మొత్తం దాని గుండానే వెళ్తుంది. 150 హెర్ట్జ్ కింద 6 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) తగ్గించాను, 2,000 నుంచి 4,000 వరకు 8 పెంచాను, పెంచినదానివల్ల సౌండ్ పగలకుండా మొత్తం మీద 8 తగ్గించాను. ఈ అంకెలు నాన్న చెవివి, మీ ఇంట్లో వాళ్ల పరీక్ష చూసి మీరు మార్చుకోండి. ఇవి ఒక్కసారిగా వచ్చినవీ కావు, మూడు సాయంత్రాలు పక్కన కూర్చుని కొంచెం పెంచడం, "ఇప్పుడు తెలుస్తోందా నాన్నా?" అని అడగడం, మళ్లీ తగ్గించడం. ఎక్కువ పెంచితే "సూదిలా గుచ్చుతోందిరా" అనేవాడు.

నాలుగో రోజు వార్తలు చూస్తూ నన్ను ఏమీ అడగలేదు. వాల్యూమ్ 24. మధ్యలో ఒకసారి తనే నవ్వి అమ్మకి ఆ మాట తిరిగి చెప్పాడు.

పాటలకి మాత్రం ఈ సెట్టింగ్ బాలేదు, వయొలిన్ మరీ కీచుగా వస్తోంది. నాన్నకి ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ అంటే ప్రాణం. ఆయన మా ఊరి సంగీత కళాశాలలోనే 1919లో వయొలిన్ ఆచార్యుడిగా చేరి, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. అందుకని పాటల కోసం 4,000 దగ్గర 3 మాత్రమే పెంచి ఇంకో సెట్టింగ్ పెట్టాను. అది మార్చాలంటే ఇప్పటికి నేనే ఉండాలి.

నేను వైజాగ్ వెళ్లిపోతే ఎలా అని అమ్మకి టెన్షన్. మూత వేసినా ల్యాప్‌టాప్ ఆగకుండా పెట్టాను, ఆన్ చేస్తే పాస్‌వర్డ్ అడగదు, టీవీ హెడ్‌ఫోన్ సౌండ్ రిమోట్ మాట వింటుంది కాబట్టి నాన్న పాత అలవాటు అలాగే ఉంది. అయినా అమ్మ క్యాలెండర్ కాగితం వెనక తన చేత్తో రాసి టీవీ పక్కన అంటించింది: ముందు ల్యాప్‌టాప్, ఒక్క నిమిషం ఆగాలి, తర్వాతే టీవీ.