మధుమేహం నాకు, పథ్యం ఇంటిల్లిపాదికీ

నేను బాపట్ల జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. నలభై ఎనిమిదో ఏట నాకు టైప్ 2 మధుమేహం ఉందని తేలింది. దానిని మొదట పసిగట్టినది కళ్ల డాక్టరుగారు. వెనుక బెంచీల్లోని పిల్లల ముఖాలు మసకగా కనిపిస్తున్నాయని కళ్లజోడు నంబరు మార్పించుకోవడానికి వెళితే, ఆయన రాత్రిళ్లు మూత్రానికి లేస్తున్నారా, దాహం ఎక్కువగా వేస్తోందా, ఈమధ్య బరువేమైనా తగ్గారా అని ఒక్కొక్కటే అడిగి, షుగరు పరీక్ష చేయించుకునే వరకు కొత్త అద్దాలు వేయించవద్దని చెప్పారు. రక్తంలో చక్కెర బాగా పెరిగినప్పుడు కంటిలోని కటకం ఉబ్బి చూపు తాత్కాలికంగా మారుతుందనీ, చక్కెర అదుపులోకి వచ్చాక ఆ నంబరు మళ్లీ మారిపోతుందనీ వివరించారు.

పరగడుపున 172, భోజనమైన రెండు గంటలకు 281, గడచిన రెండు మూడు నెలల సగటును చూపే హెచ్‌బీఏ1సీ 9.2 శాతం వచ్చాయి. పరగడుపున 126 గానీ, హెచ్‌బీఏ1సీ 6.5 గానీ, అంతకు మించి గానీ ఉంటే మధుమేహంగా లెక్కిస్తారు కనుక, నా అంకెల్లో సందేహానికి తావు లేదు. బీపీ కూడా 146/92 ఉంది. ఫిజీషియన్ గారు మెట్‌ఫార్మిన్ మాత్రలు రాసి, రెటీనా పరీక్ష, మూత్రపిండాల తీరు తెలిపే ఆల్బుమిన్ అనే మూత్ర పరీక్ష చేయించమన్నారు. పాదాల్లో స్పర్శ ఎలా ఉందో స్వయంగా చూశారు. అన్నీ అయ్యాక ఆవిడ అడిగిన ప్రశ్న నా వైద్యాన్నంతటినీ ఒక దారిలో పెట్టింది: “ఇంట్లో వంట ఎవరు చేస్తారమ్మా? వచ్చేసారి వాళ్లందరినీ వెంటబెట్టుకుని రండి.”

ఆ మాట విలువ నాకు వెంటనే తెలిసింది, ఎందుకంటే మా నాన్నగారికి ఇరవై ఏళ్లు షుగరు ఉండేది. ఇంటిల్లిపాదీ పప్పు, పులుసు, పెరుగుతో అన్నం తింటుంటే, ఆయన ఒక్కరికీ వేరే గిన్నెలో చప్పిడి కూర, రెండు పుల్కాలు పెట్టేవారు. ఎంతో ప్రేమతో చేసిన పనే అది. కాని ఒక మనిషిని పంక్తిలో కూర్చోబెట్టి వేరే కంచం పెడితే, ఆ మనిషి ఎన్నాళ్లు ఓర్చుకోగలడు? పండుగకో చుట్టాల రాకకో సడలిన పథ్యం తరువాత ఎప్పటికీ పూర్తిగా కుదురుకునేది కాదు. చివరి రోజుల్లో పాదం మీద మానని పుండుతో ఆయన పడిన బాధ నేను కళ్లారా చూశాను. అందుకే డాక్టరమ్మ గారు ఇంటిల్లిపాదినీ రమ్మన్నప్పుడు నాకు కొండంత ధైర్యం వచ్చింది.

అత్తయ్య, మావారు ఇద్దరూ వచ్చారు. నాకు ఈ వ్యాధి వచ్చిందంటే అదే వంట తింటున్న మీరు కూడా చూపించుకోవాలని చెప్పి ఆవిడ వాళ్లకూ పరీక్షలు చేయించారు. మావారి హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే మధుమేహానికి ముందు దశ అంటారు. ఈ దశలో ఉన్నవారి మీద అమెరికాలో జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2002లో వెలువడ్డాయి. బరువును ఏడు శాతం తగ్గించుకుని, వారానికి 150 నిమిషాల శారీరక శ్రమ చేయడాన్ని లక్ష్యంగా పెట్టుకున్న వారిలో మధుమేహం రావడం 58 శాతం తగ్గిందనీ, మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చిన వారిలో 31 శాతమే తగ్గిందనీ అందులో తేలింది. ఆ సంగతి ఆవిడ చెప్పినప్పుడు మావారి ముఖంలో మార్పు స్పష్టంగా కనిపించింది. అప్పటి వరకు నాకు తోడుగా వచ్చిన మనిషి, అక్కడి నుంచి తన కోసం కూడా వినడం మొదలుపెట్టారు.

మా భోజనం తీరు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మన ఇళ్లలో అన్నం ఒక్కసారి వడ్డించుకుని తినేది కాదు. పప్పుతో ఒకసారి, కూరతో ఒకసారి, పులుసుతోనో చారుతోనో మరొకసారి, ఆఖరున పెరుగుతో ఇంకొకసారి, ప్రతి వంతుకూ హస్తం మళ్లీ అన్నం గిన్నెలోకి వెళుతుంది. ఏ వంతుకు ఆ వంతు చూస్తే కొంచెమే అనిపిస్తుంది. నాలుగు వంతులు కలిపితే కంచం నిండా అన్నం, దాని పక్కన గరిటెడు కూర. డాక్టరమ్మ గారు అన్నం మానమనలేదు. ఈ నిష్పత్తిని తిరగవేయమన్నారు. ముందుగా కూర, పప్పు ఒక గిన్నె నిండా వట్టిగా తిని, ఆ తరువాత ఒక కప్పు అన్నాన్ని పులుసుతో కలుపుకుని, పెరుగును అన్నం లేకుండా గానీ మజ్జిగగా గానీ తీసుకోమన్నారు. కూరలూ మాంసకృత్తులూ ముందు కడుపులోకి చేరితే అన్నంలోని పిండిపదార్థం రక్తంలోకి చక్కెరగా నెమ్మదిగా చేరుతుంది.

అత్తయ్యకు ఇది మింగుడుపడలేదు. “అన్నం తగ్గిస్తే నీరసపడిపోతావమ్మాయ్, రోజంతా నిలబడి పాఠాలు చెప్పేదానివి” అన్నారు. “మీరు చూస్తూ ఉండండి అత్తయ్యా, నీరసం వస్తే మీకే ముందు చెబుతాను” అన్నాను. మరునాటి నుంచి ఆవిడే అన్నం గిన్నెను వంటింటి గట్టు మీదే ఉంచి, కూర గిన్నెను భోజనాల బల్ల మీద పెట్టడం మొదలుపెట్టారు. మళ్లీ అన్నం కావాలంటే లేచి వెళ్లాలి. కూర కావాలంటే చేతికందుతుంది. ఇంత చిన్న ఏర్పాటు చేసే మేలు మాటల్లో చెప్పలేను. బీరకాయ, దొండకాయ, చిక్కుడు, తోటకూర మునుపటికి రెట్టింపు కొనడం మొదలుపెట్టాము. కూరల ఖర్చు పెరిగిన మాట నిజమే. బియ్యం ఖర్చు తగ్గింది.

గ్లూకోమీటరు కొన్నాక, తినే ముందూ తిన్న రెండు గంటలకూ చూసి ఒక పొడుగు నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. లెక్కల టీచరును కనుక నాకు ఆ పని ఇష్టంగానే ఉండేది. నాలుగు ఇడ్లీలు కొబ్బరి చట్నీతో తిన్న రోజు అంకె 200 దాటేది. రెండు ఇడ్లీలు, కూరగాయ ముక్కలు బాగా వేసిన సాంబారు, ఉడికించిన గుడ్డు తిన్న రోజు 160 లోపే ఉండేది. పొట్టు పెసలతో వేసిన పెసరట్టు, ఉప్మా లేకుండా, అన్నిటికన్నా మేలు చేసింది. రాత్రి అన్నం బదులు మూడు చపాతీలు తింటే సరిపోతుందని చాలామంది నమ్ముతారు. నా పుస్తకంలో కప్పు అన్నానికీ మూడు చపాతీలకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రాగి జావ కూడా అంతే. మెత్తగా మరిగిన జావ గబగబా తాగేస్తే చక్కెర త్వరగానే పెరిగింది. జొన్న రొట్టె కూరతో నమిలి తింటే అలా కాలేదు. ఇవి నా ఒంటి లెక్కలు. మరొకరి ఒంటికి వేరేగా ఉండవచ్చు కనుక ఎవరి అంకెలు వారు చూసుకోవడమే మంచిది.

బియ్యం రకం మార్చడం గురించి కూడా చెబుతాను. మేము తినేది బీపీటీ 5204. 1986లో విడుదలైన ఈ రకం పుట్టినది మా బాపట్లలోనే, ఆ గౌరవం మాకు ఉంది. తెలంగాణ సోనా అనే ఆర్ఎన్ఆర్ 15048 రకంలో గ్లైసీమిక్ సూచిక, అంటే తిన్నాక రక్తంలో చక్కెర ఎంత త్వరగా పెరుగుతుందో చూపే అంకె, తక్కువని చెబితే కొన్నాళ్లు అదే వండాము. కొంత తేడా కనిపించింది. కాని కంచంలో అన్నం సగమైనప్పుడు వచ్చిన తేడా ముందు అది చాలా చిన్నది. ప్రత్యేకమైన బియ్యం కొన్నామన్న ధీమాతో రెండు హస్తాలు ఎక్కువ వేసుకుంటే ప్రయోజనం లేదని నా అభిప్రాయం.

నా వరకు అన్నిటికన్నా కష్టమైనది తినే వేళ మార్చడం. అందరికీ వడ్డించి, గిన్నెలు సర్ది, మిగిలిన అన్నం పారేయలేక అదీ కలుపుకుని, రాత్రి పదింటికి తిని వెంటనే పడుకోవడం నాకు పెళ్లయిన నాటి నుంచి అలవాటు. మా అమ్మా, అత్తయ్యా కూడా అలాగే తిన్నవారు. ఇప్పుడు ఏడున్నరకు అందరం కలిసి కూర్చుని, ఎవరిది వారు వడ్డించుకుంటాము. వంట కొలిచి చేస్తున్నాము కనుక మిగలడం తక్కువ. మిగిలినా అది నా వంతు కాదు. ఈ ఒక్క మార్పుకు మావారు, మా అబ్బాయి సహకరించకపోతే నేనొక్కదాన్నే ఏమీ చేయగలిగేదాన్ని కాదు.

తిన్న తరువాత పావుగంట నడుస్తాము. నడిచేటప్పుడు కాళ్ల కండరాలు ఇన్సులిన్ సహాయం పెద్దగా లేకుండానే రక్తంలోని చక్కెరను లాక్కుని వాడుకుంటాయి. అందుకే పొద్దున్న ఒకేసారి గంట నడవలేని వారికి భోజనం తరువాతి ఈ కొద్దిపాటి నడక ఎంతో ఉపయోగపడుతుంది. బడిలో మధ్యాహ్నం వరండా ఆ చివరి నుంచి ఈ చివరికి, రాత్రి వీధిలో, వానాకాలంలో ఇంట్లోనే హాలు నుంచి పెరటి గుమ్మం దాకా నడుస్తున్నాను. ఎనిమిది గంటలకు టీవీ ముందు కూర్చునే అలవాటు దానంతట అదే పోయి, పదింటికల్లా నిద్ర పడుతోంది. నిద్ర చాలకపోతే ఇన్సులిన్ సరిగా పనిచేయదు కనుక, అది కూడా వైద్యంలో భాగమే.

బీపీ విషయంలో ఉప్పు లెక్క చూసుకున్నాము. మనిషికి రోజుకు 5 గ్రాములకు, అంటే ఒక టీ చెంచాకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ ఒకే పూట కంచంలోకి వస్తే ఆ పరిమితి ఎప్పుడో దాటిపోతుంది. ఆవకాయ మానలేదు, ఏటా పట్టే దానిలో సగమే పట్టి, పూటకు ఒక్క ముక్కతో సరిపెట్టుకుంటున్నాము.

మొదటి మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ 7.4కు, ఏడాది తిరిగేసరికి 6.3కు దిగింది. బరువు 71 కిలోల నుంచి 64కు వచ్చింది. బీపీ 128/82 దగ్గర నిలకడగా ఉంది. మధ్యాహ్నం ఆఖరి పీరియడులో కుర్చీ వెతుక్కునే అవసరం లేకుండా నిలబడి పాఠం చెప్పగలుగుతున్నాను. కళ్ల నంబరు పాతదానికే తిరిగి వచ్చింది. మావారి హెచ్‌బీఏ1సీ 5.6 అయింది. డాక్టరమ్మ గారు నా మాత్ర మోతాదు సగానికి తగ్గించారు, కాని పూర్తిగా ఆపలేదు. మెట్‌ఫార్మిన్ చాలాకాలం వాడితే విటమిన్ బీ12 తగ్గే అవకాశం ఉన్నందున ఏడాదికొకసారి అదీ, రెటీనా, మూత్రపిండాల పరీక్షలూ చేయిస్తున్నాను. నా అనుభవం విని ఎవరూ తమంతట తాము మాత్రలు మానవద్దని వేడుకుంటున్నాను. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడుతున్నవారు ఒక్కసారిగా అన్నం తగ్గిస్తే చక్కెర మరీ పడిపోయి చెమటలు, వణుకు, స్పృహ తప్పడం వరకు వెళ్లవచ్చు. వారు ముందుగా డాక్టరుతో మాట్లాడి మోతాదు సరిచేయించుకోవాలి.

ఈమధ్య బడిలో తల్లిదండ్రుల సమావేశం అయ్యాక, పిల్లల మార్కుల మాట ముగించి, తల్లులను మీరు రాత్రి ఎన్నింటికి తింటారని అడుగుతున్నాను. అందరి తరువాత, తొమ్మిదిన్నరకో పదింటికో అని చెప్పేవారే ఎక్కువ. ముప్పై ఏళ్లు దాటిన వారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో షుగరు, బీపీ ఉచితంగా చూస్తారని చెప్పి, వెళ్లేటప్పుడు భర్తనూ అత్తగారినీ కూడా తీసుకువెళ్లమంటున్నాను. కిందటి సమావేశం తరువాత కొందరు నిజంగానే ఇంటివారితో కలిసి వెళ్లి పరీక్షలు చేయించుకుని, ఆ కాగితాలు తెచ్చి నాకు చూపించారు.