ఆందోళనతో పోయిన ఆకలి మళ్లీ వచ్చిన తీరు

విజయనగరానికి దగ్గరలోని ఒక జనపనార మిల్లులో నేను చాలా ఏళ్లు జీతాల లెక్కలు చూశాను. ముడిసరుకు లేదన్న కారణంతో యాజమాన్యం గేటుకు నోటీసు అంటించిన తరువాత, నా జీతం ఆగిపోయిందన్న బాధ కన్నా, పీఎఫ్, గ్రాట్యుటీ ఎప్పుడు చేతికొస్తాయని అడిగే కార్మికులకు ఏం చెప్పాలో తెలియని బాధే నన్ను ఎక్కువగా పట్టుకుంది. ఫోన్ మోగిందంటే కడుపు బిగుసుకుపోయేది. కొద్ది వారాలకే ఆకలి అన్నది లేకుండా పోయింది.

కంచం ముందు కూర్చుంటే నోట్లో తడి ఉండేది కాదు. నమిలిన ముద్ద బుగ్గల్లో అటూ ఇటూ తిరిగేదే తప్ప గొంతు దిగేది కాదు. బలవంతాన మింగితే కడుపులో తిప్పేది. వంటింట్లో పోపు వేస్తున్న వాసన తగిలితే చాలు, లేచి వీధిలోకి వెళ్లిపోయేవాణ్ణి. అమ్మ పక్కనే కూర్చుని, "ఏటైనాదిరా నీకు, ఒక్క ముద్ద తినరా నాయనా" అని బతిమాలేది. దిష్టి తీసింది, పైడితల్లి అమ్మవారికి మొక్కుకుంది. ఆమె ఆరాటం నాకు అర్థమయ్యేది గానీ, నా కంచం వైపు ఎవరైనా చూస్తున్నారని తెలిస్తే ఆ తినగలిగే రెండు ముద్దలు కూడా దిగేవి కావు.

చొక్కాలు వదులవుతున్నాయని గమనించి, నా భార్య నన్ను మా వీధి చివరి డాక్టరు గారి దగ్గరకు తీసుకువెళ్లింది. ప్రయత్నం లేకుండానే 6 నుంచి 12 నెలల లోపు శరీర బరువులో 5 శాతానికి మించి తగ్గితే కారణం వెతకవలసిందేనని చెప్పి, ఆయన రక్తహీనత, థైరాయిడ్, షుగర్, కాలేయం పరీక్షలన్నీ చేయించారు. ఆందోళన మీదకు నెట్టేసే ముందు ఈ పరీక్షలు తప్పనిసరి అని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే ఆకలిని చంపే జబ్బులు చాలానే ఉన్నాయి. ఫలితాలన్నీ సవ్యంగా ఉన్నాయని చూసి, నిద్ర గురించి, గుండెదడ గురించి అడిగి, మానసిక వైద్యుణ్ణి కలవమన్నారు. మా ప్రాంతంలో ఆ మాట వినగానే విశాఖలోని వాల్తేరు మానసిక ఆసుపత్రి పేరెత్తి వెక్కిరించేవాళ్లు ఇంకా ఉన్నారు. ఇంట్లో ఒకరిద్దరు బంధువులు జంకారు కూడా. నా భార్య మాత్రం ఆ మర్నాడే బయలుదేరదీసింది.

ఆ డాక్టరమ్మ గారు చెప్పిన విషయం నాకు సగం ధైర్యాన్నిచ్చింది. ప్రమాదం ముంచుకొచ్చిందని మెదడు అనుకున్నప్పుడు అడ్రినలిన్ అనే హార్మోన్ విడుదలై, రక్తం జీర్ణాశయం నుంచి కండరాల వైపు మళ్లుతుంది, లాలాజలం ఎండిపోతుంది, కడుపు ఖాళీ కావడం నెమ్మదిస్తుంది. అందుకే ఏమీ తినకపోయినా నిండుగా ఉన్నట్టు, తింటే డోకు వచ్చినట్టు అనిపిస్తుంది. పైగా, చాలాసేపు తినకుండా ఉంటే వచ్చే వణుకు, నీరసం, గుండెదడ కూడా అచ్చం ఆందోళన లక్షణాల్లాగే ఉంటాయి. మనిషి వాటిని చూసి మరింత బెదిరిపోతాడు, ఆకలి మరింత వెనక్కి పోతుంది. కాబట్టి ఆకలి వేసే దాకా ఆగవద్దని, గడియారం చూసి తినమని ఆమె చెప్పారు. నాకు నిజంగా పనికివచ్చిన సలహా ఇదే.

ఉదయం లేచిన వెంటనే నాకు ఆందోళన ఎక్కువగా ఉండేది కాబట్టి, ఆ పూట నమిలే తిండి జోలికి పోలేదు. ముందు రోజు రాత్రి కాచి చల్లార్చిన చోడి (రాగి) అంబలిలో మజ్జిగ, ఉప్పు కలిపి, ఉండలు లేకుండా చిలికి, స్టీలు గ్లాసులో సగం పోసి ఇచ్చేది నా భార్య. ఒక్కో గుక్కా తాగుతూ అరగంట తీసుకున్నా ఎవరూ తొందరపెట్టలేదు. పదకొండింటికి అరటిపండో, గుప్పెడు ఉడికించిన వేరుశనగలో. మధ్యాహ్నం మెత్తగా వండిన అన్నంలో పెసరకట్టు, కాస్త నెయ్యి. వేడివేడి కూరల వాసన పడని రోజుల్లో చల్లారిన పెరుగన్నం సులువుగా దిగేది, ఎందుకంటే చల్లారిన తిండికి వాసన తక్కువ. సాయంత్రానికి ఒళ్లు కొంచెం తేలికపడేది కాబట్టి అసలు భోజనం రాత్రికి పెట్టుకున్నాము. పెద్ద కంచం తీసేసి టిఫిను పళ్లెంలో వడ్డించడం చిన్న మార్పే గానీ, పళ్లెం ఖాళీ అయిందన్న తృప్తి నాకు చాలా బలాన్నిచ్చింది. అమ్మ కూడా పక్కన కూర్చుని ఊళ్లో సంగతులు చెప్పడం మొదలుపెట్టి, తిండి మాట ఎత్తడం మానేసింది.

టీలు బాగా తగ్గించాను. అన్నం మానేసి టీతో గడిపితే ఆకలి చచ్చిపోవడమే కాక, దడ కూడా పెరుగుతుంది. భోజనానికి ముందు పీల్చిన దాని కన్నా నెమ్మదిగా ఊపిరి వదులుతూ కాసేపు కూర్చోవడం, సాయంత్రం పెద్దచెరువు వైపు నడిచి రావడం కూడా అలవాటు చేసుకున్నాను. కార్మికుల ఫోన్లకు సాయంత్రం ఒక గంట కేటాయించి, తెలిసింది చెప్పి, తెలియనిది తెలియదని చెప్పసాగాను.

డాక్టరమ్మ గారు ఆందోళన తగ్గించే ఎస్సిటలోప్రామ్ మాత్ర తక్కువ మోతాదుతో మొదలుపెట్టారు. మొదట్లో ఈ మందే కొంత వికారం కలిగించవచ్చని, గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుందని ముందే చెప్పబట్టి నేను మధ్యలో ఆపలేదు. ఆ ముందు మాట చెప్పని చోట చాలామంది మందు మానేస్తారని నా అనుమానం. ఆకలి ఒక్కసారిగా రాలేదు. ముందు వికారం తగ్గింది, తరువాత వాసనలు భరించగలిగాను, ఆ తరువాతే ఒక మధ్యాహ్నం ఆవపెట్టిన పనసపొట్టు కూర మారు వడ్డించమని నేనే అడిగాను.

మిల్లు ఇంకా తెరవలేదు. ఒక ఆడిటరు దగ్గర పని చేసుకుంటున్నాను. మాత్ర కొనసాగుతోంది, దానిని ఒక్కసారిగా మానకూడదు కాబట్టి, ఎప్పుడు, ఎలా తగ్గించాలో డాక్టరమ్మ గారే చెబుతానన్నారు. దడగా ఉన్న ఉదయాల్లో ఇప్పటికీ అంబలితోనే సరిపెట్టుకుంటాను. మంచినీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా, కళ్లు తిరిగి పడిపోతున్నా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లాలి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే 14416కు ఫోన్ చేయవచ్చు. అది ప్రభుత్వం నడిపే టెలి మానస్ ఉచిత సేవ, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.