బాపు కల్చర్ రిపోర్టు

మొన్న చలికాలంలో బాపుకి తుంటి ఎముక విరిగితే హన్మకొండలో ఒక ప్రైవేట్ దవాఖానాలో ఆపరేషన్ చేయించాం. అంతా బాగానే అయింది అనుకుంటుంటే ఐదో రోజు చలిజ్వరం. మూత్రం కల్చర్‌కి పంపారు, అంటే అందులో ఏ బ్యాక్టీరియా ఉందో, అది ఏ మందుకి లొంగుతుందో చూసే పరీక్షకి. రెండు రోజులకి వచ్చిన కాగితంలో పైన ఈ.కోలై అని బ్యాక్టీరియా పేరు, కింద యాంటీబయాటిక్ మందుల పేర్లు వరుసగా, ఒక్కోదాని పక్కన ఆర్, ఆర్, ఆర్. పెద్ద మందు అనే మెరోపెనెమ్ పక్కనా ఆరే. ఆర్ అంటే ఆ మందుకి లొంగదని. అమికాసిన్, ఫాస్ఫోమైసిన్ పక్కన మాత్రం ఎస్ ఉంది, అంటే లొంగుతుందని, ప్రాణం లేచొచ్చింది.

మీ దవాఖానాలో శుభ్రం లేదని గొడవకి దిగబోయాను. డాక్టరమ్మ నిదానంగా చెప్పింది: ఇక్కడే అంటి ఉండొచ్చు, లేదా ముందు నుంచే మీ బాపు పేగుల్లో ఉండి మూత్రం పైపు పట్టుకుని పైకి ఎక్కి ఉండొచ్చు.

నోరు పడిపోయింది. ఎందుకంటే మా ఇంట్లో ఏ జ్వరమొచ్చినా ఆర్‌ఎంపీ సూది, లేదంటే మెడికల్ షాపులో సెఫిక్సిమ్ రెండు గోలీలు, తగ్గితే బంద్. అలాంటి యాంటీబయాటిక్‌లు డాక్టర్ చీటీ లేకుండా అమ్మొద్దని, అమ్మినవి రిజిస్టర్‌లో రాయాలని 2014 నుంచి రూల్ ఉంది, మా ఊరి షాపులో ఆ రిజిస్టర్ నేనైతే చూడలేదు. మందు పడ్డప్పుడల్లా పేగుల్లో మంచి బ్యాక్టీరియా చచ్చి మొండివి మిగులుతాయి, పొలంలో గడ్డిమందు తప్పుగా కొడితే వరి పోయి తుంగ మిగిలినట్టు. పైగా ఆ మొండితనం రాసి ఉన్న డీఎన్ఏ ముక్కల్ని పరీక్ష హాల్లో స్లిప్పుల్లా పక్కనున్న వేరే జాతి బ్యాక్టీరియాకి కూడా అందిస్తాయట.

ఇంకోటి చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. యూరిన్ బ్యాగు ఖాళీ చేసింది నేనే. చేతులు టవల్‌కి తుడుచుకుని, బత్తాయి ఒలిచి సగం బాపుకి, సగం పక్క మంచం పెద్దమనిషికి పెట్టాను. సబ్బు అక్కడే ఉంది.

డిశ్చార్జ్ రోజు, పేగులు కూడా కడిగేసే మందు రాయమన్నాను. జబ్బు లేకుండా ఊరికే లోపల ఉన్నదానికి మందు వేస్తే ఇంకా మొండిదవుతుంది, నెలల తరబడి ఉండొచ్చు, ఈసారి ఎక్కడ అడ్మిట్ అయినా ముందు ఈ కాగితం చూపించండి అంది డాక్టరమ్మ. జిరాక్స్ తీయించి బాపు ఆధార్ కార్డు కవర్లో పెట్టాను.

పోయిన వారం గొంతు నొప్పి అని బాపు నాకు తెలియకుండా షాపు పిల్లగాడికి ఫోన్ చేశాడు. "అరే, పోయినసారి గోలీలే, రెండు పంపు."