యానాం కూజా, కార్నింగ్ వరద

మా ఇంట్లో నాయనమ్మ భోషాణం అడుగున, ఆవిడ పాత చీర ముక్కలో చుట్టిన గాజు కూజా ఒకటి ఉంది. యానాం ఫ్రెంచివారి పాలనలో ఉన్న రోజుల్లో తాతయ్య అక్కడ కొని తెచ్చారట. 1986 ఆగస్టులో, ధవళేశ్వరం ఆనకట్ట మీదుగా ముప్పై అయిదు లక్షల క్యూసెక్కుల నీరు సముద్రానికి పోయిన ఆ పెద్ద వరదలో, మా లంక మునిగి ఇంట్లోకి నడుము లోతు నీరు వచ్చింది. వరద తీశాక మేము కొబ్బరి తోట దారిన ఇంటికి తిరిగి వచ్చి చూస్తే, ఆ కూజా మెడ దగ్గర విరిగి రెండు ముక్కలై ఒండ్రులో కూరుకుపోయి కనిపించింది. నేనప్పుడు ఏడో తరగతి. నాయనమ్మ ఆ ముక్కలను కుంకుడు రసంతో కడిగి, ఎండలో ఆరబెట్టి, పారవేయకుండా దాచింది.

కిందటేడు అమెరికాలో ఉంటున్న తమ్ముడి ఇంటికి వెళ్ళినప్పుడు, న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నింగ్ అనే ఊళ్ళో గాజు మ్యూజియం ఉందని తెలిసి, తీసుకువెళ్ళమని అడిగాను. కొండల మధ్య నుంచి నాలుగు గంటలకు పైగా ప్రయాణం. మన మండపేట కంటే ఎంతో చిన్న పట్టణమది. షెమంగ్ అనే నది ఒడ్డున ఉంది. బ్రూక్లిన్‌లో ఉన్న గాజు కర్మాగారం 1868లో సామానంతా పడవలకెత్తి, నదుల మీదుగా, కాలువల గుండా ఇక్కడికి తరలి వచ్చిందని చదివినప్పుడు, మన కాలువల మీద ధాన్యం పడవలు నడిచిన రోజుల గురించి తాతయ్య చెప్పిన మాటలు గుర్తుకు వచ్చాయి. గాడులు కోసి నగిషీ చేసే కోత గాజుకు ఈ ఊరు ఎంత పేరు పడిందంటే, దీన్ని క్రిస్టల్ నగరమనే పిలిచేవారు.

క్రిస్టల్ అనగానే మనకు స్ఫటికం గుర్తుకు వస్తుంది కానీ, క్రిస్టల్ గాజుకూ స్ఫటికానికీ లోపలి నిర్మాణంలో పోలికే లేదు. స్ఫటికంలో అణువులు ఒక వరుసలో పేర్చినట్టు ఉంటాయి, గాజులో ఆ వరుస ఉండదు. ఇంగ్లండులో జార్జి రేవెన్స్‌క్రాఫ్ట్ 1674లో తన కొత్త గాజుకు పేటెంటు పొందాడు. అయితే మొదట్లో చేసిన పాత్రలు కొంతకాలానికే సన్నని పగుళ్ళు అల్లుకుని మసకబారిపోయేవి. మిశ్రమంలో సీసపు ఆక్సైడు కలిపిన తరువాత ఆ జబ్బు కుదిరింది. సీసం చేరిన గాజు బరువుగా ఉంటుంది, కాంతిని ఎక్కువగా వంచుతుంది, కోతకు మెత్తగా లొంగుతుంది, గోటితో మీటితే గంటలా మోగుతుంది. మా కూజాను మీటినప్పుడు వచ్చే మోత ఎక్కడిదో నాకు అక్కడే అర్థమైంది.

నేను ఎక్కువసేపు నిలబడిపోయింది ఫ్రాన్సులోని బకారా కర్మాగారం 1900లో చేసిన గాజు పడవ దగ్గర. పడవ ఒంటినిండా కోత పని. దగ్గరగా వంగి చూస్తే, ఒక్కొక్క గాడి అంచు కత్తి వాదరంత పదునుగా ఉంది, ఆ అంచున దీపపు వెలుగు విరిగి సన్నని నీలి, నారింజ చారలుగా పడుతోంది. గోదావరి మీద ఎన్నో రకాల పడవలు చూసినదాన్నే అయినా, నీటి మీద మిరమిరలాడే ఎండనంతా పోగుచేసి పడవగా చెక్కినట్టున్న దాన్ని విడిచి కదలలేకపోయాను. టెలిస్కోపు కోసం 1934లో పోతపోసి, అచ్చులోని ముక్కలు ఊడి పైకి తేలడంతో పాడైపోయిన 200 అంగుళాల గాజు బిళ్ళను కూడా అక్కడ ఉంచారు. తప్పిన పోతను దాచిపెట్టకుండా అందరికీ చూపడం నాకు చాలా నచ్చింది.

ఆ తరువాత 1972 జూన్ నాటి వరద గురించి చదివాను. తుఫాను వానలకు షెమంగ్ పొంగి, మ్యూజియంలోకి అయిదు అడుగులకు పైగా నీరు వచ్చింది. పదమూడు వేల వస్తువులలో 528 దెబ్బతిన్నాయి. గ్రంథాలయంలో సగానికి పైగా పుస్తకాలు తడిసిపోతే, బూజు పట్టకుండా వాటిని గడ్డకట్టించి, ఆ తరువాత నెమ్మదిగా ఆరబెట్టారు. ఆగస్టు 1 నాటికే తలుపులు తెరిచారు కానీ, విరిగినవాటిని బాగుచేయడానికి ఏళ్ళు పట్టింది. 1980లో కట్టిన కొత్త భవనాన్ని మాత్రం వరద మట్టానికి పైన ఉండేలా స్తంభాల మీద లేపారు. మన లంకల్లో వరద చూసినవారు అరుగులెత్తి ఇల్లు కట్టుకున్నట్టే.

"అక్కా, మన కూజాను కూడా ఇలా అతికించవచ్చేమో" అన్నాడు తమ్ముడు. వరద నాటికి వాడికి రెండేళ్ళు, వాడికేమీ గుర్తులేదు. గాజు కాంతిని ఎంత వంచుతుందో దాదాపు అంతే వంచే ఎపాక్సీ జిగురుతో అతికిస్తే అతుకు కంటికి ఆనదు. అయితే వస్తువులను పరిరక్షించేవారు వీలైనంతవరకు, అవసరమైతే మళ్ళీ విప్పదీయగల పనే చేస్తారు. కనుక దుకాణంలో దొరికే జిగురు పూసి నేను అతికించబోనని వాడికి చెప్పాను.

ఇంటికి తిరిగి వచ్చాక అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని భోషాణం తెరిచాను. ఇన్నేళ్ళూ రెండు ముక్కలూ ఒకే గుడ్డలో ఒకదానికొకటి రాసుకుంటూ ఉండడం వల్ల, విరిగిన అంచు మీద ఒకచోట బియ్యపు గింజంత పెచ్చు లేచింది. పెచ్చు చీర మడతలోనే దొరికింది. దాన్ని చిన్న కాగితపు పొట్లంలో పెట్టి, మెడకూ ఒంటికీ వేరువేరుగా మెత్తని నూలు గుడ్డలు చుట్టాను. "మళ్ళీ భోషాణంలోకేనా?" అని అడిగింది అమ్మ. గోడ మీద 1986 నీటి గీత ఇప్పటికీ లీలగా కనిపిస్తుంది. దానికి రెండు మూరల పైనున్న గూట్లో మూడు పొట్లాలనూ పెట్టాను.