జిప్సీకి రిమ్ములు

ఐదు బోల్టులూ సరిగ్గా కుదిరాయి. అయినా రిమ్ము హబ్బు మీద, అంటే చక్రం బిగించే ఇరుసు మొన మీద, కూర్చోలేదు. మధ్య రంధ్రం చిన్నది!

మా పాత మారుతి జిప్సీ జీపుకి బోల్టుల వలయం అడ్డకొలత 139.7 మిల్లీమీటర్లు. ఆ ఒక్క కొలత చూసి సంబరంగా అల్లాయ్ రిమ్ములు తెచ్చేశాను. మధ్య రంధ్రం 108 మిల్లీమీటర్లు ఉండాలని మెకానిక్ అన్న టేపు పెట్టి చూపించేదాకా నాకు తట్టనేలేదు.

"టైర్లు బండి అంచు దాటి బయటికొస్తే అందంగానే ఉంటుంది తమ్ముడూ, కానీ బేరింగుల మీద భారం పడుతుంది" అని కూడా చెప్పాడు.

చివరికి 15 అంగుళాల స్టీల్ రిమ్ములే తీసుకున్నా. రాళ్ల దారిలో అంచు కాస్త వంగినా ఊళ్లోనే కొట్టించి సరిచేయించుకోవచ్చు. నాన్న నడిపిన రోజుల్లోనూ స్టీలువే.

నాలుగూ బిగించాక బండి మళ్లీ మా బండిలా కనిపించింది. స్టెప్నీకి ఇంకొకటి వెతకాలి.