సుంకి ఘాట్ దిగాక
దసరాకి జయపురం నుంచి సాలూరు వెళ్తూ సుంకి ఘాట్ దిగుతుంటే బ్రేక్ పెడల్ మెత్తబడింది. మాడు వాసన. వెనక సీట్లో అమ్మ. రెండో గేరులో మెల్లగా పక్కకు ఆపి, చక్రాలు చల్లారేదాకా కూర్చున్నాం.

అంతకు నెల ముందే స్విఫ్ట్‌కి 14 అంగుళాల రేకు చక్రాలు తీయించి 15 అంగుళాల అల్లాయ్‌లు వేయించాను. టైర్ల సైజు 165/80 నుంచి 185/65. చుట్టుకొలత దాదాపు అంతే, స్పీడోమీటర్‌కి ఇబ్బంది లేదు. బ్రేకులు మాత్రం చూపించలేదు. ఆ బాధ ఇంకా పోలేదు.

తిరిగొచ్చాక ముందు చక్రాల బ్రేక్ డిస్కులు, ప్యాడ్లు మార్పించి, పాత బ్రేక్ ఆయిల్ మొత్తం తీయించి డాట్ 4 రకం కొత్త ఆయిల్ పోయించాను. ఈ ఆయిల్ తేమ పీలుస్తుంది. కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 155 దగ్గరే మరిగిపోవచ్చు. లోపల ఆవిరి బుడగలు పుడితే పెడల్ దిగిపోతుంది.

ఇంకోటి. 80 దాటితే స్టీరింగ్ వణికేది. మా మెకానిక్ అన్న చక్రం విప్పి చూపించాడు: అల్లాయ్ మధ్య రంధ్రం, చక్రం కూర్చునే హబ్ కంటే పెద్దది, మధ్యలో ఉండాల్సిన రింగు వేయకుండానే బిగించేశారు. గాజంత రింగు! నాలుగూ వేశాక వణుకు పోయింది.

ఆదివారం మళ్లీ అదే ఘాట్ దిగాం. అమ్మ సాలూరు దాకా నిద్రపోయింది.